టీకాల కైలాసం పెద్ద లైటు

కైలాసం అంటే నాకు గిట్టేది కాదు. ఇప్పుడు నాలుగు మంచి మాటలు చెప్పి ఆయనను పెద్దమనిషిని చేయబోను. ఉట్నూరులో నా చాయ్ హోటల్ ముందు మోటారు సైకిలు ఆపి, దిగకుండానే చాయ్ కోసం కేకేసేవాడు. గ్లాసు అందించడం కాస్త ఆలస్యమైతే అందరి ముందూ తిట్టేవాడు. చాయ్ బాగుందని మాత్రం ఏడేళ్ళలో ఒక్కసారీ అనలేదు.

ఆయనది లక్సెట్టిపేటలో నేతపని చేసుకునే కుటుంబం. చిన్నప్పుడు అన్నాచెల్లెళ్ళిద్దరికీ అమ్మవారు పోసింది, అదే మశూచి. చెల్లెలు పోయింది. ఈయన బతికాడు గానీ మొహం నిండా మచ్చలు మిగిలాయి, ఎడమ కంట పువ్వు వేసి చూపు పోయింది. మగ్గం మీద సన్న నూలు కనబడక, తెగిన పోగు అతకలేక, చదివిన ఏడో తరగతిని పట్టుకొని టీకాలు వేసే కొలువులో చేరాడు. చెల్లెలి సంగతి ఎవరైనా అడిగితే కొట్టినంత పని చేసేవాడు.

ఉట్నూరు చుట్టుపక్కల గూడేలన్నీ ఆయన కిందే ఉండేవి. పగలు జనం చేలల్లో ఉంటారు కనుక పొద్దుగూకే వేళకు వెళ్ళేవాడు. వెళ్ళి మంచిగా నచ్చజెప్పేవాడా అంటే, అదీ లేదు. పిల్లల రెక్క పట్టి గుంజేవాడు, అడ్డం వచ్చిన తల్లిని తోసేవాడు. టీకా పొక్కి పిల్లాడికి జ్వరమొస్తే మళ్ళీ ఆ దిక్కు చూసేవాడు కాదు. అలాంటివాడు వస్తున్నాడంటే ఏ తల్లయినా పిల్లలను దాచిపెడుతుంది.

ఆ మోటారు సైకిలు రెండో ప్రపంచ యుద్ధం నాటిది, మిలిటరీ వాళ్ళు వేలం వేసింది. పైన తిరిగే విమానాలకు కనబడకూడదని దాని లైటుకు నల్ల రేకు తొడుగు వేసి, సన్నని చీలిక మాత్రం వదిలారు. ఆ తొడుగు తీసినా లాభం లేదు, వెలుగును ముందుకు విసిరే లోపలి పళ్ళెం తుప్పు పట్టి లైటు మిణుకుమనేది. ఈయనకేమో ఒకటే కన్ను. అరవై మూడు వానకాలంలో వాగు గండిలో పడి భుజం విరగ్గొట్టుకున్నాడు. ఇంకోసారి పడితే మెడే విరుగుతుందని భయం పట్టుకొని, నా హోటల్ పక్కనే ఉన్న మెకానిక్ జబ్బార్ షెడ్డుకు బండి తెచ్చాడు.

జబ్బార్ మూడు రోజులు పని చేశాడు. పల్టీ కొట్టిన జీపు లైటు ఒకటి సంపాదించి హ్యాండిలు నడుమ పట్టీలతో బిగించాడు. డైనమోకు కొత్త తీగ చుట్టాడు, పాత తీగలన్నీ తీసేసి లావువి లాగాడు, వెనక చక్రం పక్కన పెద్ద బ్యాటరీ కూర్చోబెట్టాడు. ఆ మూడు రోజులూ కైలాసం స్టూలు వేసుకొని కూర్చుని ప్రతి బోల్టుకూ వంక పెట్టాడు. గుడ్డివాడు బిగించినట్టుందని ఆయనే అన్నాడు. జబ్బార్ పళ్ళు కొరుక్కుంటూ పని ముగించాడు.

లైటు వేస్తే ఎదురుగా బడి గోడ మీద పెచ్చులూడిన సున్నం కూడా కనబడింది.

"లైటు జర కిందికి తిప్పుత సాబ్. చక్రం ముందట పడితే సాలు," అన్నాడు జబ్బార్.

"దూరం కనబడాలె. నాకు నువ్వు చెప్పకు," అని కైలాసం బండి తీసుకొని వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి ఆయన ఎక్కడా పడలేదు. కానీ ఏ గూడెం వెళ్ళినా టీకా వేయడానికి ఒక్క పిల్లాడూ దొరకలేదు. ఎందుకో నాకు అంగడి రోజు తెలిసింది. గుట్ట అవతలి గూడెం నుంచి ఎండు ఇప్పపువ్వు అమ్మడానికి వచ్చే సక్కుబాయి చాయ్ తాగుతూ చెప్పింది. వాగు హోరులో బండి చప్పుడు వినబడదు గానీ, టీకాలాయన లైటు గుట్ట మలుపు దగ్గరే కనబడుతుందట. ఆయన గుట్ట చుట్టూ తిరిగి వాగు దాటి వచ్చేసరికి ఊళ్ళోని పసిపిల్లలందరూ జొన్నచేలలో ఉంటారట. తన చిన్న మనవణ్ణి మూడుసార్లు అలాగే దాచానని గొప్పగా చెప్పింది. జబ్బార్ నవ్వి నవ్వి చాయ్ ఒలకబోసుకున్నాడు. నేనూ నవ్వాను. వచ్చినవాళ్ళకల్లా ఆ ముచ్చట చెప్పాను.

ఒక్క కైలాసానికే చెప్పలేదు. గూడేలలో పిల్లలు పుట్టడమే బంద్ అయిందా అని ఆయన నా బెంచీ ముందు చిందులు తొక్కుతుంటే, నేనూ జబ్బారూ ఒకరినొకరు చూసుకొని కన్ను గీటుకునేవాళ్ళం. మలుపు దగ్గర లైటు ఆర్పి రమ్మని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఆయన ఓడిపోతుంటే నాకు హాయిగా ఉండేది, దాచేదేముంది.

మోదుగులు పూసే కాలంలో ఆ గూడెంలో అమ్మవారు పోసింది. పెద్ద లైటు రాకముందు టీకా పడిన పిల్లలకు ఏమీ కాలేదు. తర్వాతి వాళ్ళకే సోకింది. సక్కుబాయి చిన్న మనవడు నాలుగో రోజున చనిపోయాడు.

నెల తిరిగాక అంగడికి వచ్చిన సక్కుబాయి, హోటల్ ముందు కైలాసం చాయ్ తాగుతుంటే ఎదురుగా వచ్చి నిలబడింది. ఆయనకు జాలి అనేది తెలిస్తే కదా.

"టీకా ఏయిస్తే బతికేటోడు గదా. దాసిపెట్టుకున్నవ్, అనుభవించు," అన్నాడు.

"దాసిపెట్టిన. నీ లైటు సూసి దాసిపెట్టిన," అంది సక్కుబాయి. "ఎన్కట నువ్వు చీకట్ల వస్తే, ఇంటి ముందటికి వచ్చినంక తెలిసేది. నా పెద్ద మనవన్ని గట్లనే దొరకబట్టి ఏసినవ్. నిన్ను తిట్టిన. వాడు బతికి ఉన్నడు. గీ లైటు పెట్టుకొని వచ్చి, చిన్నోన్ని దాసెతందుకు నాకు సందు ఇచ్చినవ్."

కైలాసానికి ముందు అర్థం కాలేదు. ఎక్కడి నుంచి కనబడుతుందని అడిగాడు. గుట్ట మలుపు అని చెప్పింది. ఆయన లైటు వైపు చూశాడు. తర్వాత షెడ్డు వైపు చూశాడు. జబ్బార్ తల వంచుకొని చేతులకు లేని మసిని గుడ్డతో తుడుస్తున్నాడు.

"బాలమల్లూ, నీకు ఎరికేనా?" అని నన్ను అడిగాడు. అంత మెల్లగా ఆయన మాట్లాడటం నేను ఎన్నడూ వినలేదు.

అబద్ధం చెబుదామనుకున్నాను. సక్కుబాయి అక్కడే ఉంది. నా బెంచీ మీద కూర్చొని నాకు చెప్పింది ఆమే.

"ఎరికే," అన్నాను.

సక్కుబాయి అప్పటిదాకా కైలాసాన్నే చూస్తోంది. ఆ మాట విని నా వైపు తిరిగింది.