ఎడమచేతి ముడి

వేలాడే వైరును చూస్తే నాకు ఒళ్లు మంట. అద్దె కార్లు నడిపేవాళ్లలో చాలామంది దారి చూపించే పెట్టెను ముందు అద్దానికి అంటించి, దాని వైరును గేరు మీదుగా సిగరెట్టు సాకెట్టు దాకా అడ్డదిడ్డంగా లాగేస్తారు. ఎక్కినవాళ్ల చేతికి తగులుతుంది, నడిపేవాడి మోకాలికి తగులుతుంది. బండిని బట్టి మనిషిని లెక్కగడతారన్న ఇంగితం కూడా ఉండదు.

నేను చెబుతున్నది ఫోనులోనే దారి చూసుకోవడం ఇంకా అందరికీ అలవాటు కాని రోజుల సంగతి. శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డెక్కితే సిగ్నలే ఉండేది కాదు. అందుకని ఆ వేసవిలో వైజాగ్ వెళ్లినప్పుడు మ్యాపులన్నీ తన లోపలే ఉండే పెట్టె ఒకటి తెచ్చుకున్నాను.

నేను అద్దెకి నడిపే కారు మా అన్నది. సముద్రం మీద చేపల వేటకెళ్లేది ఆయన. నాకు సముద్రం పడలేదు, పడవెక్కితే పేగులు నోట్లోకొచ్చేవి. బెస్తల ఇంట పుట్టి కెరటానికి వాంతి చేసుకునే మగాడి బతుకు ఎలా ఉంటుందో మా వీధిలో ఎవరినడిగినా నవ్వుతూ చెబుతారు. నాన్న పోయాక నన్ను పెంచింది అన్నే. ఆ కారు కొని, "ఒరే, నీకు నేల మీదే రాసిపెట్టున్నాది, నడుపుకో" అంటే నేను నిజంగానే ఆయన కాళ్లు మొక్కాను.

మాకు పిల్లల్లేరు. శ్రీకాకుళంలో ఏ సందులో చూసినా మా ఊరి చేపల గంప ఒకటి కనిపిస్తుంది కాబట్టి, ఎవరి కంటా పడకుండా విజయనగరంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లేవాళ్లం. ఇంట్లో నేను గిరాకీ ఉందని చెప్పేవాణ్ణి. మా ఆవిడ నా మేనమామ కూతురే. పుట్టింటికని చెప్పి బయల్దేరి నౌపడ రైలు గేటు దగ్గర కారెక్కేది. ఆ మందులు, ఆ పరీక్షలు మా ఇద్దరికీ, ఆ డాక్టరమ్మకీ తప్ప ఎవరికీ తెలియవు.

అలా అనుకున్నాం. ఒకరోజు కుళాయి దగ్గర మా వదిన, పదిమంది ఆడవాళ్ల ముందు, మా ఆవిణ్ణి అడిగింది: "ఓలమ్మీ, ఇజీనారం డాట్రమ్మ మందులు ఏటైనా పని సేత్తన్నాయా?"

మా ఆవిడ బిందె అక్కడే వదిలేసి వచ్చింది. "నీ నోట్లో నువ్వుగింజ నానదు. మీ అన్న కాడ కక్కీసినావు" అంది నాతో. అమ్మ మీద ఒట్టేశాను. నమ్మలేదు. నిజమే, ఎలా నమ్ముతుంది? మా ఊళ్లో తెలిసింది మా ఇద్దరికే, తను చెప్పలేదు. మందులు కిటికీలోంచి పారేసి, ఇక విజయనగరం రానంది. ఆ తర్వాత మా మధ్య మాటలంటే అన్నం పెట్టేను, నీళ్లు కాగినాయి, అంతే. పెళ్లాం దృష్టిలో నేను నమ్మకద్రోహిని. కాదని రుజువు చేసుకునే దారి నాకు కనబడలేదు.

అలా కొన్ని నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం కారును నీడలో పెట్టి, కొత్త పెట్టె బిగించడానికి కూర్చున్నాను. పద్ధతి పెద్ద కష్టమేం కాదు, ఓపిక ఉండాలి. వైరును అద్దం పై అంచు వెంబడి పైకప్పు గుడ్డ కిందకి నొక్కుకుంటూ పోవాలి. ఇనప వస్తువు వాడితే గుడ్డ చిరుగుతుంది, నేను ఐసు పుల్ల వాడతాను. మూలకొచ్చాక అద్దం పక్కన ఉండే ప్లాస్టిక్ తొడుగును మెల్లగా ఊడదీసి, దాని వెనక నుంచి వైరును కిందకి దించి, తలుపు రబ్బరు చాటుగా స్టీరింగు కిందున్న ఫ్యూజుల పెట్టెకి కలపాలి. లోపలున్న వైర్ల కట్టతో కలిపి కట్టెయ్యాలి. లేకపోతే మా రోడ్ల మీద అది కొట్టుకునే చప్పుడుకి పిచ్చెక్కుతుంది.

స్టీరింగు కింద మూత తీసి టార్చి వేశాను. కంపెనీ వైర్ల కట్టను ఆనుకుని సన్నటి నల్ల వైరు ఇంకొకటి పోతోంది. ఎంత పొందికగా దాచారంటే ముందు నాకు ముచ్చటేసింది. దాన్ని పట్టుకుపోతే లోపల అగ్గిపెట్టెంత పెట్టె, అందులో సిమ్ము. బండి ఎక్కడ తిరుగుతోందో, ఎక్కడ ఆగిందో యజమాని ఫోనుకి చెప్పే పెట్టె. డ్రైవర్ల మీద నమ్మకం లేని ఓనర్లు పెట్టుకుంటారని విన్నాను. నాకు దారి చెప్పేదాన్ని పెడదామని మూత తీస్తే, నా దారి ఇంకొకరికి చెప్పేది దొరికింది.

ఎవరు పెట్టారో ఎవరినీ అడగనక్కర్లేకపోయింది. మెకానిక్కైతే ప్లాస్టిక్ పట్టీ బిగిస్తాడు, కాదంటే టేపు చుడతాడు. అక్కడ కట్టింది వల అల్లే నైలాను దారం. మా ఇళ్లల్లో మంచం కోడు విరిగినా, గొడుగు ఊస ఊడినా ఆ దారంతోనే కడతాం. పోనీ, మా వీధిలో ఇంకెవరైనా కట్టారనుకుందామంటే ముడి ఎడమకి తిరిగి ఉంది. మేమంతా దారం కుడికి తిప్పి బిగిస్తాం. మా అన్నది ఎడమచేతి వాటం. ఆయన బాగుచేసిన వల ఎక్కడున్నా ముడి చూసి ఇట్టే పోల్చుకోవచ్చు. నాకు ముడెయ్యడం నేర్పిందీ ఆయనే.

స్టీరింగు కింద తలపెట్టి అలాగే ఉండిపోయాను. కోపం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఏడుపు.

ముడి చెదరకుండా దారాన్ని రెండో పక్క కోసి, పెట్టెతో సహా ఇంట్లోకి తీసుకెళ్లి మా ఆవిడ ముందు పెట్టాను. తనూ వలల మధ్య పుట్టిన మనిషే. ఒక్కసారి వేలితో తడిమింది.

"ఇది మీ అన్న ముడి. ఎక్కడిదిది?"

చెప్పాను. పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత లేచి కొంగు దోపుకుని, "పద. నా ముందర అడుగు" అంది.

అన్న ఒడ్డున కూర్చుని చిరిగిన వల కలుపుతున్నాడు. నా చేతిలోది చూశాడు గానీ ఆయన చెయ్యి ఆగలేదు.

"బండి నాది. ఎక్కడున్నాదో సూసుకున్నాను, తప్పేటి?"

"ఇది బయటోళ్లకి పెడతారు అన్నా. నేను బయటోడినా?"

"టీరింగు ముందు కూకున్నాక పతోడూ డ్రైవరే తమ్మీ. పతీసారీ ఇజీనారంలో ఒకే ఆస్పత్రి ముందర ఆగుతంటే నీకేటి రోగమోనని బయమేసి కనుక్కున్నాను. పిల్లల్లేనోళ్లకి మందులిచ్చే డాట్రమ్మన్నారు."

"బయమేత్తే నన్ను అడగాల. వదినకెందుకు సెప్పినావు?"

"ఇంట్లో మనిసికి సెప్పకుండా ఉంటానేటి?"

ఆయనకి ఇంట్లో మనిషెవరో, నేనెవరో ఆ ఒక్క మాటతో తేలిపోయింది. అప్పుడు మా ఆవిడ నోరు విప్పింది.

"నా మొగుడే నన్ను వీదిలో పెట్టీసినాడనుకున్నాను పెద బావా. మందులు మానీసినాను."

ఆయన చెయ్యి అప్పుడు ఆగింది. ఏదో అంటాడనుకున్నాను, కనీసం మా ఆవిడ కోసమైనా. మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి, "తీసీసినారు గదా. ఇంకేటి, మల్లీ ఎల్లండి" అని వల దగ్గరికి లాక్కున్నాడు.

ఇసకలో నడుస్తూ వెనక్కి వస్తున్నాం. ఆ పెట్టెను సముద్రంలోకి విసరబోతే మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. అన్ని నెలల తర్వాత నన్ను ముట్టుకోవడం అదే. రేపే డాక్టరమ్మ దగ్గరికి వెళ్దామన్నాను, బస్సులో వెళ్దామన్నాను. తల అడ్డంగా ఊపింది.

"ఇప్పుడు రాలేను బావా. నువ్వు ఒట్టేసినా నమ్మకుండా ఇన్నాళ్లు నీ పక్కన పడుకున్నాను. ముందు అది నా ఒంట్లోంచి పోవాల."