బాపు కొట్టిన కొబ్బరికాయ

మా కంప్యూటర్ ల్యాబ్‌లోకి చెప్పులతో పోనిచ్చేవాళ్ళు కాదు. గుమ్మం బయట చెప్పులు విడిచి, కాళ్ళు గోనెపట్టాకు తుడుచుకుని లోపలికి పోవాలి. దుమ్ము పడితే మిషిన్లు పాడవుతాయని కారణం చెప్పేవాళ్ళు కానీ, మాకు అది గుడి మర్యాదలాగే అలవాటైపోయింది. ఎం.సి.ఏ. చివరి ఏడాదికి వచ్చేసరికి కీబోర్డుకు పొరపాటున కాలు తగిలితే కళ్ళకద్దుకునేదాకా పోయింది మా భక్తి. దేవుడు లేడని అందరితో వాదించే నా ప్రాజెక్టు జోడీ కూడా ఎవరూ చూడకుండా అద్దుకునేది.

ఆ ఏడాదే సమ్మె వచ్చింది. ప్రత్యేక రాష్ట్రం కోసం బడులు, బస్సులు, ఆఫీసులు, బొగ్గుబాయిలు అన్నీ కలిసి ఆగిపోయాయి. యూనివర్సిటీలో క్లాసులు అంతకుముందే నడిచీ నడవనట్టుండేవి. ఇప్పుడు హాస్టల్లో వంట కూడా ఆపేశారు. నా జోడీ జనగామ పోయింది, అక్కడి గంజు మార్కెట్‌లో వాళ్ళకు పప్పుల దుకాణం ఉంది. నేను భూపాలపల్లి చేరాను. మాది బొగ్గుబాయి ఇల్లు. మా ఇంట్లో నాన్న బాపు, అమ్మ అవ్వ. బాపు రోజూ బాయి దిగే కార్మికుడు.

మా ప్రాజెక్టు పుట్టింది కూడా ఆ బాయిలోంచే. షిఫ్టుకు దిగేవాళ్ళు ముందు ల్యాంపు రూంలో తలకు పెట్టుకునే దీపం తీసుకుంటారు, పైకి వచ్చాక అప్పగిస్తారు. ఏ దీపం తిరిగి రాలేదో ఆ మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు. ఆ లెక్కను కంప్యూటర్ చూసుకునేలా మేం ప్రోగ్రాం రాస్తున్నాం. షిఫ్టు అయిపోయినా దీపం రాకపోతే ఆ పేరు తెర మీద ఎర్రగా మారుతుంది. సరిగా పనిచేస్తోందా అని చూడడానికి నేను మొట్టమొదట ఎక్కించిన పేరు మా బాపుదే. నా చిన్నప్పుడు బాపు వచ్చే వేళ దాటితే మా అవ్వ పొయ్యి మీద కూర మాడుతున్నా పట్టించుకోకుండా వాకిట్లోనే నిలబడేది. ఆ నిలబడడం మీద నాకు చాలా కోపం ఉండేది. ఆ కోపంతోనే రాశానేమో, ఆ భాగం మాత్రం ఒక్క తప్పు లేకుండా నడిచింది.

హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీ మా ఇద్దరినీ తీసుకుంటానంది. బయటినుంచి వచ్చే ఎగ్జామినర్ ముందు ప్రాజెక్టు నడిపి చూపించి, పాసయ్యామన్న కాగితంతో డిసెంబరు దాటకముందే చేరాలి. అదొక్కటే షరతు. మా ఇంట్లో బాయి దిగకుండా జీతం తెచ్చే మొదటి మనిషిని నేనే అవుతానని అవ్వ అప్పటికే వాడకట్టంతా చాటింది. ప్రోగ్రాం ముప్పాతిక అయింది. అదంతా ల్యాబ్‌లో కిటికీ పక్క మిషిన్‌లో ఉంది. వైరస్ వస్తుందని పెన్‌డ్రైవ్‌లు పెట్టనిచ్చేవాళ్ళు కాదు. మా హెడ్ సారు అవి పెట్టే సందులకూ, సీపీయూ డబ్బా మూతకూ కాగితం అంటించి, దాని మీద సంతకం చేసి మరీ మూసేశాడు. ఇక సర్వరంటారా, అది మాకన్నా ముందే సమ్మెలోకి పోయింది.

మా డాబా ఎక్కితే చెల్పూరు పవర్‌ప్లాంటు పొగగొట్టం కనబడుతుంది. కరెంటు పుట్టే చోటు పక్కనే ఉండి చీకట్లో కూర్చునేవాళ్ళం. బొగ్గు ఆగింది కాబట్టి కరెంటు కోతలు, బొగ్గు ఆపిన వేలమందిలో మా బాపు ఒకడు. పొద్దున్నే తలకు రుమాలు చుట్టుకుని చౌరస్తాలో వంటావార్పుకు పోయేవాడు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండి, ఆగిపోయిన లారీల వాళ్ళకే వడ్డించేవాళ్ళు. నేనూ పోయేదాన్ని. ఉల్లిగడ్డలు కోసేదాన్ని, గొంతు పోయేదాకా జై కొట్టేదాన్ని. ఇంటికొచ్చి కరెంటు లేదని ఏడ్చేదాన్ని. ఎవరి మీద కోప్పడను? సమ్మే నాదే, చీకటీ నాదే. రాష్ట్రం వస్తే కొలువులు వస్తాయని మైకులో చెబుతుంటే, చేతిదాకా వచ్చిన కొలువు పోతోందని నేను ఎవరికి చెప్పుకోను? చెబితే స్వార్థం అంటారు. నాకే అలా అనిపించేది. నోరు మూసుకుని ఉల్లిగడ్డలు కోశాను.

దసరా దగ్గరపడ్డాక ల్యాబ్ అటెండర్ ఫోన్ చేశాడు. ఆయనది దంతాలపల్లి. పండుగకు ఊరికి పోదామంటే మహబూబాబాద్ దగ్గర పట్టాల మీద జనం కూర్చున్నారు, రైళ్ళు లేవు. అందుకని క్యాంపస్‌లోనే ఉండిపోయాడు. మేమంతా ఆయన్ని అన్నా అనేవాళ్ళం.

“హెడ్ సారు మిషిన్లకు పూజ చెయ్యమన్నడు చెల్లె. రేపు పొద్దుగాల తాళం తీస్త. మీ ప్రాజెక్టు సీడీల ఎక్కించుకుంటరని సార్‌ను అడిగిన, సరే అన్నడు,” అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. రైళ్ళు లేవు కాబట్టి నా జోడీ రాలేదు. బస్సులు లేవు కాబట్టి నేనూ పోలేనని దిగులుపడుతుంటే, బాపు పక్కింటివాళ్ళ బండి అడిగి తెచ్చాడు. సమ్మెతో చేతులు ఖాళీగా ఉన్న మనిషికి ఒక పని దొరికింది. ఉతికిన అంగీ వేసుకున్నాడు. బండికి ఒక సంచి తగిలించాడు. అందులో కొబ్బరికాయ కనబడితే దారిలో ఏ మైసమ్మకో కొడతాడనుకున్నాను. దారిలో మైసమ్మలు చాలామంది వచ్చారు, బాపు బండి ఎక్కడా ఆపలేదు.

మేం పోయేసరికి ల్యాబ్‌లో కరెంటు లేదు. వస్తుందిలే, ఉండమని అటెండరన్న తన పని మొదలుపెట్టాడు. తడిగుడ్డ తాకించకుండా పొడిగుడ్డతో మానిటర్లు తుడిచి, కుంకుమ బొట్టు కాగితం ముక్క మీద పెట్టి ఆ కాగితాన్ని అంటిస్తున్నాడు. బాపు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. చెప్పులు విడిచి, అది చాలదనుకున్నాడేమో, నల్లా దగ్గరికి పోయి కాళ్ళు కడుక్కుని వచ్చాడు. నా చదువు చోటుకు ఆయన రావడం అదే మొదలు. నీ మిషిన్ ఏదని అడిగాడు. చూపించాను. వేడిగా ఉందేమో చూసినట్టు అరచెయ్యి డబ్బా మీద పెట్టి కొంచెంసేపు ఉంచాడు.

నేను వరండాలోకి పోయి కరెంటు సబ్‌స్టేషన్‌కు ఫోన్ కలిపాను. కరెంటు ఎప్పుడొస్తుందని అడిగితే, బొగ్గు వచ్చినప్పుడు వస్తుందన్నాడు అవతలి మనిషి. ఆ మాటకు నవ్వాలో ఏడవాలో తెలియక లోపలికి వచ్చాను.

బాపు కిటికీ రాతిగట్టు మీద కొబ్బరికాయ కొట్టాడు. కొట్టి, ఆ నీళ్ళు నా మిషిన్ నెత్తిమీద పోస్తున్నాడు. కళ్ళు మూసుకున్నాడు, పెదవులు కదులుతున్నాయి. గాలి ఆడడానికి డబ్బా పైన ఉండే చిల్లుల్లోంచి నీళ్ళు చక్కగా లోపలికి దిగిపోతున్నాయి. అటెండరన్న బంతిపూలు చేతిలో పట్టుకుని అవతలి వరసలో కొయ్యబారి నిలబడ్డాడు.

బాపు వాళ్ళ బాయిలో దసరాకు పూజంటే అదే. మనుషులను కిందికి దింపి పైకి లాగే మిషిన్ ముందు కాయ కొట్టి, ఆ నీళ్ళు దాని మీదే పోస్తారు. ఏడాదంతా వేడెక్కిన మిషిన్ చల్లబడాలి, దిగినవాళ్ళందరినీ మళ్ళీ పైకి తేవాలి. బురదలో, నీళ్ళలో బతికే ఆ ఇనుముకు గుక్కెడు కొబ్బరినీళ్ళు ఒక లెక్కా? బాపుకు తెలిసిన మిషిన్లన్నీ అలాంటివే. నాది ఇంకోరకం మిషినని నేనెప్పుడూ చెప్పలేదు, ఆయనా అడగలేదు.

వద్దు అనడానికి నోరు తెరిచాను. అప్పటికే చిప్ప ఖాళీ అయింది.

“సూడు బిడ్డా, రెండు చిప్పలు ఎంత సమానంగ పగిలినయో. ఇగ నీ పనికి అడ్డం లేదు,” అన్నాడు బాపు.

ఆ ముఖం చూసి చున్నీతో డబ్బా తుడిచాను. బాపు ముక్క కొట్టి ప్రసాదం ఇస్తే తిన్నాను, అటెండరన్నా తిన్నాడు. డబ్బా విప్పి ఆరబెడదామంటే మూతకు హెడ్ సారు సంతకం అడ్డం, దానికన్నా బాపు అడ్డం. ఆయన ముందు విప్పితే తన పూజ ఏం చేసిందో తెలిసిపోతుంది. మధ్యాహ్నందాకా చూసినా కరెంటు రాలేదు. బయలుదేరేటప్పుడు అటెండరన్న నా పక్కకు వచ్చి, ఎండిపోతుందిలే అని మెల్లగా అన్నాడు. ఆయన గొంతులో నమ్మకం లేదు. తిరుగుదారిలో బాపు హుషారుగా మాట్లాడుతూనే ఉన్నాడు. వెనక కూర్చుని నేను ఊ కొట్టాను.

తర్వాత కొన్నాళ్ళకు సమ్మె ఆగింది. మొదటి షిఫ్టుకే పోతానని బాపు పేరిచ్చాడు. బొగ్గు తీస్తేనే కదా నీ కంప్యూటర్ నడిచేదని అవ్వ ముందు నాతో గొప్పగా అన్నాడు. నేను యూనివర్సిటీకి వచ్చాను, నా జోడీ జనగామ నుంచి రైల్లో వచ్చింది. ల్యాబ్‌లో దీపాలు వెలిగాయి, ఫ్యాన్లు తిరిగాయి. చుట్టూ మిషిన్లు ఒక్కొక్కటే మేలుకుంటున్నాయి. ఎండే ఉంటుందని మాది స్విచ్ నొక్కితే లోపల టప్‌మని పేలింది. కాలిన వాసనలో కమ్మటి కొబ్బరి వాసన కలిసి వచ్చింది. హెడ్ సారు పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగాడు. అటెండరన్న నా దిక్కు ఒకసారి చూసి, కరెంటు ఎక్కువొచ్చినట్టుంది సార్ అన్నాడు.

సారు అనుమతితో నా జోడీ ఆ డబ్బాను గోనెసంచిలో చుట్టి, మర్నాడు జనగామ తీసుకుపోయింది. వాళ్ళ దుకాణం పక్కనే కంప్యూటర్లు బాగుచేసే షాపు ఉంది. అతను మూత విప్పి, దీంట్లో ఏం పోశారని అడిగాడట. హార్డ్‌డిస్క్ కూడా పోయింది, అందులోంచి ఏదీ తీయలేమని తేల్చాడు. ఆమె ఫోన్ చేసి, జరిగిందంతా నాతో చెప్పించుకుంది. దేవుళ్ళ మీద ఆమెకున్న పాత కోపమంతా ఇప్పుడు బయటికొస్తుందనుకున్నాను.

“మీ బాపుకు మాత్రం చెప్పకు,” అంది.

గుర్తున్నంత మళ్ళీ రాశాం. ఒకసారి చక్కగా నడిచినదాన్ని రెండోసారి రాయడమంత విసుగు పని ఇంకొకటి లేదు. ఎగ్జామినర్ వచ్చిన రోజు ప్రోగ్రాం సగంలో ఆగిపోయింది. ఆయన మంచివాడే, వచ్చేసారి చూపించండి అన్నాడు. కంపెనీవాళ్ళూ మంచివాళ్ళే, ఆగలేమని మర్యాదగా చెప్పారు. అందరూ మంచివాళ్ళే కావడంతో తిట్టుకోవడానికి కూడా ఎవరూ దొరకలేదు. పట్టా మరుసటి ఏడాది వచ్చింది. కొలువు ఇంకా ఆలస్యంగా, ఇంకెక్కడో వచ్చింది. ఇంట్లో మాత్రం, కంపెనీయే మాట తప్పిందని చెప్పాను.

బాపు ఫోన్ మాత్రం మిషిన్ పేలిన రోజే, సాయంత్రం వచ్చింది. షిఫ్టు దిగి పైకి వచ్చి, దీపం అప్పగించి, స్నానమైనా చేయకుండా చేశాడట. ఇన్నాళ్ళ తర్వాత బాయి దిగితే ఒళ్ళు నొప్పులు పుడుతున్నాయని నవ్వాడు.

“కరెంటు వచ్చిందా బిడ్డా?” అని అడిగాడు.

“వచ్చింది బాపూ.”

“మిషిన్ నడుస్తున్నదా?”

గోనెసంచిలో చుట్టిన డబ్బా నా కాళ్ళ దగ్గరే ఉంది.

“నడుస్తున్నది.”

“నాకు ఎరుకే,” అన్నాడు బాపు. “కాయ గంత మంచిగ పగిలినప్పుడే అనుకున్న.”