నల్లగొండ పేషీకి ఖాళీ సీసాతో

నల్లగొండలో కొండ ఉంది, కొండమీద కోట ఉంది. రెండూ చూడదగ్గవేనట. నేను చూసినవి మాత్రం జిల్లా దవాఖాన, మేజిస్ట్రేటు కోర్టు. ఈ రెంటినీ దర్శించవలసిన యువకులు మన తాలూకాలో తక్కువేమీ లేరు గనుక, వారి సౌకర్యార్థం ఈ యాత్రానుభవం రాస్తున్నాను. మా చిన్నాయన కొడుకు యాదగిరికి పందొమ్మిదేళ్లు. రామన్నపేటలో మగ్గం నేస్తాడు. రెండు నెలల కింద కల్లు దుకాణం దగ్గర కొట్లాటలో పోలీసులు పట్టుకుంటే జేబులో గంజాయి పొట్లం దొరికింది. కోర్టులో మూడు పేషీలకు ఒక్కడే వెళ్లాడు. నాలుగోదానికి చిన్నమ్మ నన్ను వెంట పంపింది. "బి.ఏ. సదివినవు గద బిడ్డా, వకీలు ఏమంటుండో జర అర్థం జేసుకొని రా" అంది. వకీళ్లను అర్థం చేసుకునే పాఠం బి.ఏ.లో లేదని చెప్పలేక బయలుదేరాను.

పొద్దున ఆరింటికి రామన్నపేటలో బస్సు. చిట్యాలలో దిగి నల్లగొండ బస్సు పట్టుకుంటే ఎనిమిదిన్నరకు చేరతారు. ఇద్దరి కిరాయి మూడు రూపాయలు దాటలేదు. సీట్లు ఖాళీగా ఉన్నా యాదగిరి కూర్చోలేదు. చేతిలో బెండు బిగించిన ఖాళీ సీసా ఒకటి పట్టుకుని నిలబడ్డాడు.

"ఏందిరా అది? జడ్జిగారికి కల్లు పట్కపోతున్నవా?"

"కాదే అన్నా. దవాఖానల దగ్గు మందు పోయించుకోనికె. సీసా మనమే తీస్కపోవాలె."

"పొద్దటిసంది ఒక్కపారి గూడ దగ్గలేదు గదరా నువ్వు!"

చిట్యాలలో చాయ్ కప్పు పట్టుకుని నిలబడే అసలు సంగతి చెప్పాడు. పట్టుబడక ముందు ఒకనాడు, తాగిన మత్తులో, దోస్తులతో కలిసి లారీలు ఆగే చోట ఒక ఇంటికి పోయాడు. తర్వాత పుండు లేచింది, గజ్జల్లో బిళ్ల కట్టింది. సవాయి, అంటే సుఖరోగం. సంతలో మందులమ్మేవాడి పసరు రాస్తే ఇంకా కాలింది. నొప్పి మరవడానికి మళ్లీ గంజాయి.

"మరి దగ్గని ఎందుకు చెప్పినవురా?"

"చీటీ కిటికీ కాడ రోగం పేరు గట్టిగ చెప్పాలెనే అన్నా. ఎనుక లైన్ల ఎవరుంటరో ఏమో. నోట్లెకెల్లి దగ్గే వచ్చింది."

మూడు పేషీలు, మూడు సీసాల ఎర్రమందు. ఇదైనా పనిచేస్తుందేమోనని చుక్క మిగల్చకుండా తాగాడట. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆ సీసాను రోడ్డుకేసి కొట్టాలనిపించింది.

దవాఖానలో కిటికీ దగ్గర నేనే నిలబడ్డాను.

"పేరు?"

"యాదగిరి."

"ఏం రోగం?"

"సవాయి."

గుమాస్తా ఆ మాటను లైను చివరిదాకా వినపడేలా ఇంకోసారి పలికాడు. నా వెనకున్న ముసలాయన అడుగు వెనక్కి వేశాడు. "సదువుకున్నోని లెక్కున్నవు, గిదేం పాడుపని బిడ్డా?"

"ఏం జేద్దు తాతా, కాలేజీల గిదొక్కటి చెప్పలే."

లోపల నర్సమ్మకు నిజం చెప్పాం. ఆమె నవ్వలేదు, తిట్టలేదు. డాక్టరు చూసి రాసిన సూది వేస్తూ యాదగిరిని అడిగింది.

"రెండు నెలలాయె గద, పోలీసోళ్లు పట్టుకున్ననాడు ఎవలన్న అడిగిండ్రా, ఒంట్లె ఎట్లున్నదని?"

"జేబులల్ల ఏమున్నదని అడిగిండ్రమ్మా."

"ఇంక మూడు మంగళారాలు రావాలె. ఒక్క సూది తప్పినా మొదటికొస్తది. అందాక కల్లు బంద్, గంజాయి బంద్, ఆడమనిషి జోలికి పోవుడు బంద్. ఆ ఇంటామెను గూడ తీస్కరాండ్రి. ఆమెకు గూడ మందు పడాలె."

దవాఖాన నుంచి కోర్టుకు పది నిమిషాల నడక. మాకు అరగంట పట్టింది. వరండాలో వకీలుగారికి విషయం చెబితే చెవులు మూసుకున్నంత పని చేశారు. "గా మాట లోపల ఎత్తకుండ్రి. మనిషి ఖరాబంటే కేసు గూడ ఖరాబైతది." అంతలో చప్రాసీ యాదగిరి పేరు మూడోసారి పిలిచాడు.

మేజిస్ట్రేటు కాగితాలు చూసి వాయిదా వేశారు. వచ్చే మంగళవారం! వెనకనుంచి నేను అరిచేశాను. "మంగళారం వద్దు సార్, దవాఖాన ఉన్నది!"

చప్రాసీ నన్ను కసిరాడు. మేజిస్ట్రేటు తలెత్తారు. "ఏం జబ్బు?"

"దగ్గు, హుజూర్" అన్నారు వకీలుగారు తడుముకోకుండా.

యాదగిరి చేతిలోని ఖాళీ సీసాను ఒకసారి చూసుకున్నాడు. "దగ్గు కాదు సార్. సవాయి. దగ్గు మందు మూడు సీసాలు తాగిన. తక్కువ కాలే."

దగ్గు మాత్రం వకీలుగారికి వచ్చింది. మేజిస్ట్రేటు మంగళవారం కొట్టేసి గురువారం రాశారు. అర నిమిషం పని.

ఏం జబ్బని ఎవరైనా అడిగే ఆ అర నిమిషం కోసం వాడు రెండు నెలలు కుళ్లాడు. పోలీసు, వకీలు, మేజిస్ట్రేటు వాణ్ని ఎగాదిగా చూసినవారే. పొట్లం తూకం ఎంతో కాగితం మీద ఉంది. మోసేవాడు సరిగా నడవలేకపోతున్నాడని ఎక్కడా లేదు. బుద్ధి చెప్పడానికి మాత్రం అందరికీ నోళ్లున్నాయి. తాగితే ఒళ్లు తెలియదు, ఒళ్లు తెలియనప్పుడు ఇలాంటివి అంటుకుంటాయి, అంటుకుంటే సూది ఉంది అని ముందే చెప్పిన నోరు ఒక్కటీ లేదు. నాదీ లేదు. తిరుగు బస్సులో యాదగిరి నిలబడే, "ఆ ఇంటామె పేరు గూడ నాకు తెల్వదన్నా" అన్నాడు. "తెలుసుకో. మంగళారం మూడు టికెట్లు తీసుకుందాం" అన్నాను.

నల్లగొండ వెళ్లేవారికి ఒక్క సలహా: దగ్గు ఉంటేనే సీసా పట్టుకెళ్లండి. లేకపోతే కిటికీ దగ్గర ఉన్న రోగం పేరే చెప్పండి, పేషీ తేదీ పడకముందే సూది తేదీ చెప్పండి.