ఎడమ చక్రానికి నేను పెట్టిన గ్రీజు

ఇప్పుడైతే బండికి ఏ రోగమొచ్చినా అరచేతిలో పట్టే యంత్రం ఒకటి తగిలించి, అది చెప్పింది విని బిల్లు రాసేస్తున్నారు గానీ, నేను డిప్లొమా కాగితం పట్టుకుని ఢిల్లీలో దిగిన తొంభైల్లో అంత సుఖం ఎక్కడిది? జనక్‌పురిలో మా పిన్ని ఇంట్లో మకాం, మాయాపురిలో ఒక వర్క్‌షాపులో కొలువు. ఆరు నెలలు పని చూసి, నచ్చితే పర్మనెంటు చేస్తామన్నారు. తెనాలి వాణ్ణి, పైగా ఫస్టు క్లాసు, నేను నచ్చకపోవడమేమిటని నా ధీమా. మా ఉస్తాద్ జీ (బడి గుమ్మం తొక్కని సర్దార్జీ, ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పే మహానుభావుడు) నన్ను ‘ఇంజనీయర్ సాబ్’ అని పిలిచేవాడు. అది గౌరవమనుకుని నాలుగు నెలలు మురిసిపోయాను.

మా దగ్గరికి వచ్చే బళ్ళన్నిట్లోకీ పెద్దది ఒక విదేశీ ఇంజనీరుగారి పికప్ ట్రక్కు. ఆయన గుర్గావ్ వైపు రోడ్డు పనులు చూసేవాడు. దాన్ని తోలేది విజయనగరం ఆయన. ఆ బండిని విమానం నడిపినంత అపురూపంగా నడుపుతాడని నేనాయన్ని పైలట్ బాబాయి అనేవాణ్ణి. పొద్దస్తమానం ‘అచ్ఛా జీ, ఠీక్ హై జీ’ అని నోరు అలిసిపోయిన నాకు, ఆయన వచ్చి “ఏటి బాబూ, బువ్వ తిన్నావా?” అంటే ప్రాణం లేచొచ్చేది. ఒకసారి ఆ బండి సర్వీసుకొస్తే ముందు చక్రాల బేరింగులకి గ్రీజు పెట్టాల్సి వచ్చింది. కుడి చక్రం ఉస్తాద్, ఎడమ చక్రం నేను. బాబాయి నా పక్కన కూర్చుని కబుర్లు చెబుతున్నాడు. బేరింగు పక్కనే పళ్ళున్న ఇనప చక్రం ఒకటి కనిపించింది, ఒంటిమీద చుక్క గ్రీజు లేకుండా. పళ్ళున్నది ఏదైనా సరే గ్రీజు లేకుండా వదలకూడదని కాలేజీలో మా మాస్టారు నూరిపోశారు కదా! ‘అయ్యో పాపం, ఎండిపోయిందే’ అనుకుని పళ్ళ సందులన్నీ నింపి, బయటికి కారేదాకా దట్టించాను. (ఎవరూ చెప్పలేదు, సొంత తెలివే.)

పదిహేను రోజులు తిరక్కుండానే బండి మళ్ళీ వచ్చింది. డాష్‌బోర్డు మీద రెండు పసుపు దీపాలు, ఆర్పితే ఆరవు. ఒకటి ఏబీఎస్‌ది, గట్టిగా బ్రేకు కొట్టినా చక్రాలు పట్టేసి బండి జారకుండా చూసేది. రెండోది ట్రాక్షన్ కంట్రోలుది, జారుడు నేల మీద చక్రం ఊరికే గిర్రున తిరగకుండా ఆపేది. మా వర్క్‌షాపులో ఆ దీపాలు వెలగ్గా చూసినవాడు లేడు. బాబాయితో పాటు వాళ్ళ ఆఫీసు మేనేజరు కూడా దిగాడు. “ఇస్నే గాడీ నాలే మే ఉతారీ హోగీ” అన్నాడు వస్తూనే. బండిని ఏదో మురిక్కాలవలో దింపి ఉంటాడని ఆయన అనుమానం. అదే తేలితే సాయంత్రానికల్లా బాబాయి ఉద్యోగం ఊడినట్టే. ఆయన పిల్లలిద్దరూ ఇక్కడే తెలుగు బడిలో చదువుకుంటున్నారు. “నానేటీ సెయ్యనేదు బాబూ, బండి మీద ఒట్టు” అన్నాడు నాతో మెల్లగా, మొహం చిన్నబుచ్చుకుని.

బండితో వచ్చిన లావుపాటి పుస్తకం ఉస్తాద్ నా చేతిలో పెట్టి “పఢో, ఇంజనీయర్ సాబ్” అన్నాడు. చదివాను. స్టీరింగు కింద ఒక ప్లగ్గు ఉంటుంది, దాన్లో ఫలానా రెండు రంధ్రాల్ని తీగతో కలిపితే దీపం మిణుకుమిణుకుమంటుంది, ఆ మిణుకులు లెక్కపెడితే రోగం ఏమిటో తెలుస్తుందిట. తీగ దొరక్క పిన్నీసు వంచి పెట్టాను. దీపం కొట్టుకోవడం మొదలెట్టింది. నేను తెలుగులో, ఉస్తాద్ పంజాబీలో, ఎలక్ట్రీషియన్ హిందీలో లెక్కపెట్టాం, ముగ్గురికీ మూడు లెక్కలొచ్చాయి. నాదే కరెక్టంటే నాదే కరెక్టని కాసేపు కొట్టుకుని, మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టి, చివరికి చాయ్ తెచ్చిన భయ్యా చెప్పిన లెక్కకి అందరం లొంగిపోయాం. పుస్తకం తిప్పి, ‘ముందు ఎడమ చక్రం సెన్సర్’ అని గొప్పగా పైకి చదివాను. అప్పటికీ నా మట్టిబుర్రకి ఎక్కలేదు!

చక్రం విప్పాక ఎక్కింది. పళ్ళ నిండా నల్లటి ముద్ద. ఆ పళ్ళు గిర్రున పోతుంటే లెక్కపెట్టే అయస్కాంతమే ఆ సెన్సరు. నా గ్రీజు బ్రేకుల ఇనప రజనంతా పోగేసి దాని కళ్ళు మూసేసింది. “దేఖా? కీచడ్!” అని అరిచాడు మేనేజరు, అది బురదనుకుని. బాబాయి ఆ ముద్దని చూశాడు, నన్ను చూశాడు, తల దించుకున్నాడు. నాకా, పర్మనెంటుకి ఇంకా రెండు నెలలుంది. ‘బురదే అనుకోనీ, నీకెందుకురా’ అంది నాలోని ఫస్టు క్లాసు వెధవ. మేనేజరు తాళాలిమ్మని చెయ్యి చాపాడు. బాబాయి జేబులో చెయ్యి పెట్టాడు. అప్పుడు పెగిలింది నా నోరు. “కీచడ్ నహీ సాబ్, గ్రీజ్ హై. మైనే లగాయా.” బురద కాదు, గ్రీజు, పెట్టింది నేనేనని ఒప్పేసుకున్నాను.

మేనేజరు నన్ను తిట్టిన తిట్లకి నా హిందీ చాలా మెరుగుపడింది. ఉస్తాద్ మాత్రం గడ్డం నిమురుకుంటూ, చెడగొట్టిందీ వీడే, కనిపెట్టిందీ వీడే, ఇంకేం కావాలి సాబ్ అని ఆయన్ని చల్లబరిచాడు. ఉద్యోగం పోలేదు. ముద్ద గీకి, కిరసనాయిలుతో కడిగి బిగించాం. బండి కదిలాక దీపాలు రెండూ ఆరిపోయాయి.

పరీక్షకి నేనూ బాబాయి పక్కన కూర్చున్నాను. కంకర మీద ఆయన బ్రేకు తొక్కగానే కింద గడగడగడమని ఒకటే చప్పుడు. “అయిపోయింది బాబాయ్, మళ్ళీ పోయింది!” అని కేక పెట్టాను. “పోనేదు బాబూ, ఆ ఏబీఎస్సు సెయ్యాల్సిన పనే అది” అని నవ్వాడు. కాస్త దూరం పోయాక, “అది బురద కాదని నాకు తెలుసు. నువ్వు గ్రీజెడతంటే పక్కనే కూకున్నాను గదా” అన్నాడు.

“మరి చెప్పలేదేం బాబాయ్?”

“నీకింకా ఉజ్జోగం కాయం అవనేదు గదా. నానైతే ఇంకో బండి సూసుకుందును.”

ఆ చేతులతోనే కళ్ళొత్తుకున్నాను. ఇంటికెళితే పిన్ని తలుపు తీసి, “ఇదేం చోద్యంరా, కాటుకెవరు పెట్టారు?” అంది. మాయాపురి నుంచి ఇంటిదాకా బస్సులో ఆ మొహంతోనే వచ్చానన్నమాట! ఆ కాటుక కళ్ళ కుర్రాణ్ణి తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. తాళాల కోసం జేబులో చెయ్యి పెట్టిన ఆ మనిషి గుర్తొస్తే మాత్రం, ఇంకాస్త ముందే నోరు విప్పి ఉండాల్సిందిరా అని వాడికి చెప్పాలనిపిస్తుంది.