చప్పుడు లేని కీబోర్డు

హన్మకొండలో ఎలక్ట్రానిక్ కాంటాలు తయారుచేసే చిన్న కంపెనీలో ఓంప్రకాశ్ సి భాషలో ప్రోగ్రాములు రాస్తాడు. రాస్తాడనడం మర్యాదకే, కొడతాడు. ప్రోగ్రాము ముక్కలన్నిటినీ కూర్చే మేక్‌ఫైల్‌లో ఎర్రర్ వచ్చిందంటే పిడికిలితో బల్ల గుద్దుతాడు, మౌస్‌ను గోడకేసి కొడతాడు. ఎంటర్ కీ ఎప్పుడో ఊడిపోయింది. ఆ గుంటలోనే వేలు పెట్టి పొడుస్తాడు. "కంప్యూటర్‌ను సంపుతవా ఏందన్నా?" అంటుంది పక్క సీటు యమున. "మాట వినకుంటె తన్నాలె," అంటాడు పళ్లు నూరుతూ.

మొన్న తూకం లెక్క ఉన్న హెడర్ ఫైలును సరిచేసి, మేక్ అని కొట్టాడు. ఎర్రర్ రాలేదు, ఆ రోజు ఏదీ పగల్లేదు. కానీ ఏది మారితే మళ్లీ కూర్చాలో చెప్పేందుకు మేక్‌ఫైల్‌లో అతను రాసిన ప్యాటర్న్ రూల్, సి ఫైలు మారిందా అని మాత్రమే చూస్తుంది, హెడర్ వైపు కన్నెత్తదు. దాంతో పాత తప్పు లెక్కే కాంటాలోకి ఎక్కింది. ఎనుమాముల మార్కెట్లో ఆ కాంటా మిర్చి బస్తాలను తక్కువ తూచింది. కబురు విని ఓంప్రకాశ్ పోయేసరికి సాంబయ్య అనే రైతు దాన్ని గడ్డపారతో పొడిచి పొడిచి పగలగొడుతున్నాడు. "ఆగు కాకా, తప్పు దానిది కాదు, ప్రోగ్రాం రాసింది నేను," అన్నాడో లేదో, చెంప ఛెళ్లుమంది. "అయితే డబ్బను తంతె ఏమొస్తది? చేసినోన్నే తన్నాలె!" రెండో దెబ్బకు పెదవి చిట్లింది.

నెత్తురు చప్పరించుకుంటూ ఆఫీసుకొచ్చి, రూల్‌లో హెడర్ పేరు చేర్చాడు, ఒక్కో అక్షరాన్నీ నిమురుతున్నట్టు. చప్పుడు వినబడక యమున భయంతో తలెత్తింది.