ప్లవకాలు ఎగిరిపోయిన వార్త

పాలప్యాకెట్ కోసం వెళ్లేటప్పుడు కూడా మెడలో ప్రెస్ కార్డు వేసుకునే వయసొకటి ఉంటుంది. నేను ఆ వయసులో ఉన్నప్పుడు మా అక్క ఎమ్మెస్సీ చదివేది. పురానాపూల్‌లోని మా ఇంటి నుంచి నెలనెలా బస్తీ చివరనున్న చెరువుకు వెళ్లి సీసాలో నీళ్లు పట్టుకొచ్చేది. లోతులేని చెరువుల్లో కంటికి ఆనని జీవాలు కాలాన్ని బట్టి ఎలా మారతాయన్నది ఆమె పరిశోధన. ఎండాకాలంలో నాచుతో నీళ్లు పాలకూర పప్పులా చిక్కబడతాయనీ, తొలకరి పడగానే ఆ నాచును మేసే జంతు ప్లవకాలనే నలుసంత జీవాలు ఒక్కసారిగా పెరుగుతాయనీ, ఆ వారం నీళ్లు తేలేకపోతే ఏడాది పని మళ్లీ మొదటికొస్తుందనీ అన్నాల దగ్గర చెప్పేది. (పాలకూర పప్పు మీద నాకు విరక్తి కలిగింది అప్పుడే.)

తొలకరి పడింది. వార్తలు దొరక్క అల్లాడుతున్న నేను, "చెరువులో పెరుగుతున్న జంతు ప్లవకాలు" అని రాసిచ్చాను. మా డెస్కు పెద్దసారు కళ్లజోడు పైకి జరిపి, "ప్లవకాలంటే ఏంది తమ్మీ? ఎవనికన్న సమజైతదా?" అని ఆ ఒక్క మాటా కొట్టేశారు. తెల్లారి పేపర్లో మిగిలింది, "చెరువులో పెరుగుతున్న జంతువులు."

అక్కతో కలిసి నేను వెళ్లేసరికి గట్టు మీద జాతర. తాలీంలో కుర్రాళ్లకు కుస్తీ నేర్పే పహిల్వాన్ భాయ్ కర్ర అడ్డంపెట్టి నిలబడ్డాడు.

"రుకో చెల్లే! లోపల జంతువున్నది. పేపర్ల పడ్డది సూడలే?"

"మొసలట," అన్నాడు పక్కాయన, తనే కని పెంచినట్టు.

నేను ప్రెస్ కార్డును మెల్లగా చొక్కాలోకి తోశాను. అక్క నా చెవి దగ్గర, "ఇయ్యాల నీళ్లు దొరక్కుంటే నా ఏడాది పోతదిరా," అంది. తర్వాత పహిల్వాన్ వైపు తిరిగి, "దాన్ని పట్టనీకే వచ్చిన భాయ్," అంటూ సంచీలోంచి వల తీసింది. పట్టుగుడ్డతో కుట్టిన టోపీలాంటి వల, దాని కొసన చిన్న సీసా.

"గిండ్ల మొసలి పడ్తదా?"

"పడ్తది. జర దూరం జరుగుండ్రి."

జనం నిజంగానే జరిగారు. అక్క వల విసిరి, లాగి, సీసాను వెలుతురుకు పట్టి, పహిల్వాన్ చేతికి భూతద్దం ఇచ్చింది. అతను ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూశాడు.

"అరే, ఎగురుతున్నది! ఇగో, కడుపుల గుడ్లు గూడ కనవడ్తున్నయి!"

సీసా చేతులు మారింది. అందరూ చూశాక అక్క మందు బుడ్డి మూత తీసింది.

"అదేంది చెల్లే?"

"ఇది పోస్తే చచ్చినా చెడిపోకుండ ఉంటయి భాయ్."

"తోబా తోబా! కడుపుతోటి ఉన్నదాన్ని సంపుతవా? ఇడ్సిపెట్టు!"

జంతువును కొట్టడానికి కర్రలతో వచ్చిన జనమంతా జంతువు పక్షం చేరిపోయారు. అక్క నన్ను చూసింది. నేను ఒడ్డున నిలబడ్డ బర్రెను చూశాను. చేసేదిలేక సీసా చెరువులో వంపేసి, అక్క మళ్లీ వల విసిరింది. ఈసారి భూతద్దం బయటికి తీయలేదు.

"ఇవన్ని మొగయే భాయ్."

"మొగయైతే తీస్కపో, ఫికర్ లేదు," అన్నాడు పహిల్వాన్, మగజాతి మీద ఏ మాత్రం జాలి లేకుండా.

(తొలకరి రోజుల్లో చెరువులో ఉండే ప్లవకాలు దాదాపు అన్నీ ఆడవేనని కాలేజీకి ఆటో ఎక్కాక అక్క చెప్పింది.)

సాయంత్రం పెద్దసారు అడిగారు. "జంతువు సంగతేమైంది తమ్మీ?"

"దొరికింది సార్. కడుపుతో ఉందని జనం వదిలిపెట్టించారు. తల్లీ పిల్లలు క్షేమం."

ఆయన అదీ వేయించారు. మా బస్తీలో నా వార్తను బయటికి చదివి వినిపించుకున్నది ఆ ఒక్కసారే. ఇప్పుడైతే నేను బుద్ధిగా లోపలి పేజీకి సవరణ రాసిస్తాను, అది ఎవరూ చదవరు.