కొట్టడం మానేసిన టీచరుగారు

మంగళవారం పొద్దున మా కింది వాటా టీచరుగారు పోయారు. గవర్నర్‌పేటలో నేను పనిచేసే బట్టల దుకాణం అప్పుడే తెరుస్తున్నారు. మావారు ఫోన్ చేసి చెప్పారు.

గుణదలలో ఆవిడ ఇంటి పై వాటాలో ఆరేళ్ళుగా ఉంటున్నాం. ఆవిడ ముప్ఫై ఏళ్ళు ఒకటో తరగతికి చెప్పి రిటైరైన మనిషి.

మా పాపకి నాలుగేళ్ళప్పుడు నేను కొట్టేదాన్ని. సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి ఒంట్లో సత్తువ ఉండేది కాదు. పాలు ఒలకబోసిందనో, అన్నం ఉమ్మేసిందనో వీపు మీద ఒకటి వేసేదాన్ని. వెంటనే ఊరుకునేది. దారికొచ్చిందనుకునేదాన్ని.

ఒకరోజు గాజు గ్లాసు పగలగొట్టింది. నేను వంటింట్లో మిక్సీ వేస్తున్నాను, వినపడలేదు. కొడతానన్న భయంతో పెంకులు గుప్పిట్లో పట్టుకుని మంచం కింద దూరింది. కూర ఇద్దామని పైకొచ్చిన టీచరుగారే నేల మీద రక్తం చూశారు. అరచేతికి మూడు కుట్లు పడ్డాయి. కుట్లు వేస్తున్నా ఏడవలేదు. "నేను కాదమ్మా, నేను పగలగొట్టలేదు" అంటూనే ఉంది.

ఇంటికొచ్చాక టీచరుగారు నన్ను తిట్టలేదు.

"నేనూ కొట్టానమ్మాయ్. పదేళ్ళు బెత్తం పట్టుకునే పాఠం చెప్పాను. కొడితే ఆ పూటకి ఊరుకుంటారు. మర్నాడు మళ్ళీ అదే. కాకపోతే మనకి తెలీకుండా చేస్తారు."

"మరి ఎలా మానేశారండీ?"

"ఒకరోజు బోర్డు మీద రాద్దామని చెయ్యెత్తాను. ముందు వరసలో పిల్ల తల మీద చేతులు పెట్టుకుని వంగిపోయింది. ఆ పిల్లని నేనెప్పుడూ కొట్టలేదు కూడా. పక్కవాళ్ళని కొట్టడం చూసిందంతే."

పాప చేతి కట్టు సర్దుతూ, "బెత్తం మానేశాక నా పని తగ్గలేదు, పెరిగింది. ఓపిక కావాలి. నీకు లేని రోజున పిల్లని నా దగ్గరికి పంపు" అన్నారు.

పంపాను. పూర్తిగా మారిపోయానని మీ ముందు గొప్పగా చెప్పుకోలేను. ఆ తర్వాత కూడా రెండుసార్లు చెయ్యి చేసుకున్నాను. వెళ్ళి ఆవిడతో చెబితే, "సర్లే, రేపు చూద్దాం" అన్నారు. పాప అబద్ధాలు మానడానికి ఏడాది పైనే పట్టింది.

ఇప్పుడు కింద తలుపులు వేసి ఉన్నాయి. ఒక సాయంత్రం గుర్తొస్తోంది. పాప వరండాలో పడి కాళ్ళు కొట్టుకుంటూ ఏడుస్తోంది. టీచరుగారు మోకాళ్ళ నొప్పితోనే మెల్లగా దాని పక్కన చతికిలబడి, ఒక్క మాటైనా అనకుండా గోరుచిక్కుళ్ళు తుంచుతున్నారు. చాలాసేపటికి వెక్కిళ్ళు తగ్గాయి. పాప లేచి కూర్చుని, కళ్ళు తుడుచుకోకుండానే, చేటలోంచి ఒక కాయ తీసుకుని తుంచింది.